దానమిచ్చిన ఫోన్ ఇటుకగా మారకూడదంటే



మా సంస్థ కార్యాలయంలో బీరువా కింది అరలో ఒక అట్టపెట్టె ఉంది. దాతలు పంపిన ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లలో ఎవరికీ ఇవ్వలేకపోయినవన్నీ అందులో చేరుతుంటాయి. వాటిలో చాలావాటికి పైన ఒక్క గీత కూడా లేదు. కొన్నప్పుడు వేలకు వేలు పోసినవే. అయినా అవి ఈ రోజు ఏ విద్యార్థికీ పాఠం చూపించలేవు. ఇచ్చినవారి మనసు మంచిదే, వస్తువు కూడా మంచిదే. మధ్యలో ఎక్కడో ఏదో తెగిపోయింది. అది ఎక్కడ తెగిపోతుందో దాతలందరికీ తెలియాలనే ఈ పాఠం రాస్తున్నాం.

ఒక సోదరి తన భర్త మరణించిన కొన్ని నెలలకు, ఆయన వాడిన ఫోన్ తీసుకుని మా దగ్గరికి వచ్చారు. "ఆయన పేరిట సదఖాగా ఇస్తున్నాను. చదువుకునే పిల్లకు ఇవ్వండి" అన్నారు. శుభ్రంగా తుడిచి, కొత్త కవరు తొడిగి, ఛార్జరుతో సహా ఇచ్చారు. ఫోటోలు వేరేచోట దాచుకుని, లోపలిదంతా దుకాణంలో చెరిపించారు కూడా. మేము సంతోషంగా తీసుకుని అదే వారం ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయికి అందజేశాం. మర్నాడే ఆ అమ్మాయి తల్లి ఫోన్ పట్టుకుని వచ్చింది. "భాయ్, ఇది ఎవరిదో పాస్‌వర్డ్ అడుగుతోంది" అంది. ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఖబరస్తాన్‌లో ఉన్నాడు. రెండు మూడు రిపేరు దుకాణాలు తిరిగాం. "బోర్డు మార్చాలి, లేకపోతే ఇది ఉత్త డబ్బా" అన్నారు.

ఇందులో ఆ సోదరి తప్పేమీ లేదు. తీసుకునేటప్పుడు అడగకపోవడం, ఇచ్చేముందు తెరిచి చూడకపోవడం మా తప్పు. దాత చేతి నుంచి మా చేతికి వచ్చిన వస్తువు అమానత్. దాన్ని పనిచేసే స్థితిలో హక్కుదారునికి చేర్చినప్పుడే ఆ అమానత్ తీరినట్టు.

ఇటుక అంటే ఏమిటి?

పరికరం ఇక ఎంతకీ పనిచేయని స్థితికి చేరితే, కంప్యూటర్ తెలిసినవారు అది "బ్రిక్ అయింది" అంటారు. బ్రిక్ అంటే ఇటుక. చేతిలో బరువుగా ఉంటుంది, గోడలో పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. మన రిపేరు దుకాణాల్లో దీన్నే "డెడ్" అంటారు. అయితే ఈ చావులన్నీ ఒక రకం కాదు. కొన్ని నిజమైన చావులు, కొన్ని మూర్ఛలు, కొన్ని కేవలం తాళం పడిన ఇళ్ళు. ఏది ఏదో తెలిస్తే చాలావాటిని కాపాడుకోవచ్చు. స్థూలంగా నాలుగు రకాలున్నాయి.

మొదటిది: ఒంటికి వచ్చే చావు

నీళ్ళలో పడడం, కిందపడి బోర్డు చిట్లడం అందరికీ తెలిసినవే. తెలియనివి రెండున్నాయి.

ఒకటి బ్యాటరీ. ఇప్పటి ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఫోన్ ఆపేసి ఉన్నా అందులోని ఛార్జి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. వోల్టేజి ఒక హద్దు దాటి పడిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని కట్ చేస్తుంది. ఆ తర్వాత ఛార్జరు పెట్టినా చాలాసార్లు తీసుకోదు. "రంజాన్ వచ్చాక ఇద్దాంలే" అని బీరువాలో ఏడాదిపాటు ఉంచిన ఫోన్లు ఇలాగే మూగబోతాయి. అదృష్టం ఏమిటంటే, ఇది చాలావరకు బ్యాటరీ చావే తప్ప ఫోన్ చావు కాదు. బ్యాటరీ మారిస్తే మళ్ళీ లేస్తుంది. కానీ ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఎవరూ నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జి చేయకూడదు. అది మంటలు రేపగలదు.

రెండోది జ్ఞాపకశక్తి చిప్. ఫోటోలు, యాప్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ ఉండే ఫ్లాష్ మెమరీని ఎన్నిసార్లయినా చెరిపి రాయవచ్చని మనం అనుకుంటాం. ప్రతి గడికీ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క పూర్తయితే చిప్ అరిగిపోతుంది. దీనికి పేరుమోసిన ఉదాహరణ అమెరికాలో జరిగింది. టెస్లా కార్లలో తెరను నడిపే కంప్యూటర్‌లోని 8 జీబీ చిప్ రాసీ రాసీ అరిగిపోవడంతో తెర పనిచేయడం మానేసింది. రివర్స్ కెమెరా కూడా ఆ తెరమీదే కనిపించాలి కాబట్టి అది భద్రత సమస్య అయింది. 2021 ఫిబ్రవరిలో ఆ సంస్థ సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిచింది. అంతటి కారుకే ఒక చిన్న చిప్ వల్ల ఇబ్బంది వచ్చిందంటే, నిండా నిండిన మెమరీతో ఏళ్ళపాటు నడిచిన చవక ఫోన్ సంగతి చెప్పనక్కరలేదు.

రెండోది: మతి తప్పడం

పరికరాన్ని ఆన్ చేయగానే లోపల ఒక వరుస మొదలవుతుంది. చిప్‌లో చెరగకుండా రాసిన ఒక చిన్న ప్రోగ్రాం ముందు లేస్తుంది. అది బూట్‌లోడర్‌ను లేపుతుంది. బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపుతుంది. ఇంట్లో ఫజర్‌కు ఒకరు లేచి మరొకరిని లేపినట్టు. మధ్యలో ఒకరు లేవకపోతే మిగతావారూ లేవరు. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయినా, వేరే మోడల్‌కు చెందిన ఫైలు ఎక్కించినా, ఈ గొలుసు తెగుతుంది. వస్తువులో ఏ భాగమూ చెడలేదు. తన పని ఏమిటో అది మరిచిపోయింది, అంతే.

ఎవరైనా కావాలనే ఇలా చెరిపేయవచ్చు కూడా. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ ప్రపంచమంతటా ఎన్నో కంప్యూటర్లను దెబ్బతీసింది. అది హార్డ్ డిస్కును పాడుచేయడంతో ఆగకుండా, కొన్ని రకాల కంప్యూటర్లలో బయోస్ చిప్‌లోని ప్రోగ్రాంనూ చెరిపేసింది. అవి ఆన్ కూడా కాలేదు. చిప్ మార్చడమో, దాన్ని బయటికి తీసి మళ్ళీ రాయడమో తప్ప దారి లేకపోయింది. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధం మొదలైన రోజునే, వయాశాట్ అనే సంస్థ ఉపగ్రహ ఇంటర్నెట్ మోడెంలపై దాడి జరిగింది. మోడెంలలోని మెమరీని చెరిపేశారు. వేలాది మోడెంలు మూగబోయాయి. జర్మనీలో 5,800 గాలిమరలకు దూరం నుంచి పర్యవేక్షించే సౌకర్యం తెగిపోయింది.

మన దేశమూ దీనికి దూరం కాదు. 2017 జూలైలో బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ వినియోగదారుల ఇళ్ళలోని బ్రాడ్‌బ్యాండ్ మోడెంలు పెద్ద సంఖ్యలో దాడికి గురయ్యాయి. వాటిలో చాలావాటికి కంపెనీ పెట్టిన మొదటి పాస్‌వర్డే అలాగే ఉండిపోవడం దాడికి దారి ఇచ్చింది. ఇంటి తలుపుకు అందరి దగ్గరా ఉండే తాళంచెవితో తాళం వేసుకున్నట్టు అది.

ఈ రకంలో ఆశ వదులుకోనక్కరలేదు. చాలా ఫోన్లలో చెరగని ఆ మొదటి ప్రోగ్రాం బతికే ఉంటుంది. కేబుల్ తగిలించి, కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ ఎక్కించవచ్చు. పని తెలిసిన చేతులు హైదరాబాదులోని అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఉన్నాయి, మన చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి. అందువల్ల "ఆన్ కావడం లేదు" అని మీరు పారేయబోతున్న ఫోన్‌ను ముందు ఒకసారి చూపించండి.

మూడోది: తాళం పడడం

మా పెట్టెలో ఎక్కువ భాగం ఈ రకమే. దొంగతనాలు ఆపడానికి 2013లో ఐఫోన్లలో, 2015లో ఆండ్రాయిడ్‌లో ఒక రక్షణ వచ్చింది. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసినా, పాత యజమాని ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వనిదే అది మళ్ళీ తెరుచుకోదు. ఇది మంచి ఏర్పాటు. దొంగ చేతిలో ఫోన్ ఇటుకైపోవాలి. కానీ ఆ తాళానికి దొంగ ఎవరో, సదఖా అందుకున్న పేద అమ్మాయి ఎవరో తెలియదు.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను చెరిపి ఇచ్చినా, ఇంటర్నెట్ తగలగానే అది తిరిగి కంపెనీ పేరే అడుగుతుంది. ఆ కంపెనీ తన జాబితా నుంచి తీసేస్తేనే విడుదల. కిస్తీలు తీరని ఫోన్‌లో అప్పిచ్చినవారి తాళం ఉండవచ్చు. పోయిందని ఫిర్యాదు చేసిన ఫోన్‌ను ప్రభుత్వ సంచార్ సాథీ ఏర్పాటు ద్వారా బ్లాక్ చేస్తే, దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ అది పనిచేయదు. పోయిన ఫోన్ దొరికాక బ్లాక్ తీయించడం మరిచి దానం చేసేవారూ ఉన్నారు.

నాలుగోది: ఆధారం తెగిపోవడం

పరికరం బాగుంటుంది, తాళం లేదు, ఆన్ అవుతుంది. అయినా పనిచేయదు. ఎందుకంటే అది ఒంటరిగా బతికే వస్తువు కాదు. దూరాన ఎక్కడో ఒక సర్వర్ జవాబు చెబితేనే అది నడుస్తుంది. అమెరికాలో రివాల్వ్ అనే సంస్థ ఇంట్లోని లైట్లను, ఇతర పరికరాలను ఫోన్‌తో నడిపే ఒక పెట్టెను సుమారు 300 డాలర్లకు అమ్మింది. 2014లో గూగుల్‌కు చెందిన నెస్ట్ ఆ సంస్థను కొనేసింది. 2016 మే 15న సర్వర్ ఆపేశారు. కొన్నవారి ఇళ్ళలో చెక్కుచెదరని పెట్టెలు ఆ రోజుతో ఇటుకలయ్యాయి.

కొన్నిసార్లు కంపెనీయే ప్రాణభయంతో తన వస్తువును ఆపేయవలసి వస్తుంది. 2016లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్ల బ్యాటరీలు మంటలు రేపడంతో వాటిని వెనక్కి తీసుకున్నారు. తిరిగి ఇవ్వనివారి ఫోన్లు ఇక ఛార్జి కాకుండా ఒక అప్‌డేట్ పంపారు. ఆ నిర్ణయం మనుషుల్ని కాపాడడానికే. అయితే మనం కొన్న వస్తువు పూర్తిగా మన చేతిలో లేదనే సంగతి కూడా అది చెప్పింది.

మన దగ్గర ఈ రకం నిశ్శబ్దంగా వస్తుంది. జియో నెట్‌వర్క్ 2016లో 4జీతోనే మొదలైంది. ఎయిర్‌టెల్ 2020లో తన 3జీని ఆపేసింది. అందువల్ల పాత 3జీ ఫోన్‌తో ఈ రోజు ఒక విద్యార్థి పాఠం వినడం దాదాపు అసాధ్యం. వాట్సాప్, బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్ రకాలను ఒక్కొక్కటిగా వదిలేస్తున్నాయి. విండోస్ 10కు సాధారణ ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి.

ఇక్కడా ఒక దారి ఉంది. అప్‌డేట్లు ఆగిన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఇంకా కొన్నేళ్ళు చక్కగా ఉపయోగపడుతుంది. ఫోన్‌లో మాత్రం ఈ దారి ఇరుకైనది. అందుకే ఫోన్ పాతబడేకొద్దీ దాని దానవిలువ తరిగిపోతుంది. ఇవ్వాలనుకుంటే, అది ఇంకా పనిచేస్తున్నప్పుడే ఇవ్వండి.

ఇచ్చే ముందు చేయవలసినవి

దాతలు చాలామంది ఫోన్ ఇవ్వడానికి వెనుకాడేది ఇంట్లోవారి ఫోటోల గురించి భయంతో. ఆ భయం సహజం. ఇటీవలి ఫోన్లలో సమాచారమంతా గుప్తలిపిలో ఉంటుంది. పద్ధతి ప్రకారం ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ లిపిని చదివే తాళంచెవి నాశనమవుతుంది. మిగిలింది ఎవరికీ అర్థం కాని గీతలే. కాబట్టి భయపడి ఫోన్ పగలగొట్టనక్కరలేదు, బీరువాలో దాచనక్కరలేదు. ఈ వరుస పాటిస్తే చాలు.

1. మీకు కావలసిన ఫోటోలు, నంబర్లు వేరేచోట దాచుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి.

2. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్ళి గూగుల్ ఖాతాను తొలగించండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కి సైన్ అవుట్ చేయండి. ఇది ముందు జరగాలి.

3. ఆ తర్వాతే సెట్టింగ్స్ నుంచి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా బటన్లు నొక్కిపట్టి చెరిపిస్తే తాళం పడుతుంది. ఆ సోదరి ఫోన్‌కు దుకాణంలో జరిగింది ఇదే.

4. రీసెట్ అయ్యాక ఒకసారి ఆన్ చేయండి. పాత ఖాతా ఏదీ అడగకుండా కొత్త ఫోన్‌లా స్వాగతం చెబితే తాళం తీసినట్టే.

5. ఫోన్‌లో *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు రాసుకోండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు చేర్చి 14422కు సందేశం పంపితే ఆ నంబరు వివరాలు తెలుస్తాయి.

6. బిల్లు ఉంటే దాని నకలు జతచేయండి. రేపు ఏ తాళమైనా తీయించడానికి అదే సాక్ష్యం.

7. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే, కంపెనీ జాబితా నుంచి తీయించాకే ఇవ్వండి. బయోస్ పాస్‌వర్డ్ ఉంటే తొలగించండి.

8. వెంటనే ఇవ్వలేకపోతే, సగం వరకు ఛార్జి చేసి, ఆపి, చల్లనిచోట ఉంచండి. కొన్ని నెలలకు ఒకసారి తీసి ఛార్జి పెట్టండి.

మరో మాట. మనందరం వసీయత్‌లో ఇల్లు, పొలం, అప్పులు రాసుకుంటాం. ఫోన్, ల్యాప్‌టాప్ ఖాతాల సంగతి ఇంట్లో నమ్మకస్తులైన ఒకరికి తెలిసేలా రాసి ఉంచడం కూడా ఇప్పుడు అవసరమే. ఐఫోన్‌లో మన తర్వాత మన ఖాతా చూసుకునే వ్యక్తిని ముందే నియమించే సౌకర్యం 2021 చివరినుంచే ఉంది.

నిజంగా పోయినవాటిని ఏం చేయాలి?

కొన్ని ఇక లేవవు. వాటిని చెత్తబుట్టలో వేయడం, పాత సామాన్లవాడికి తూకానికి ఇవ్వడం మనకు తేలిక. కానీ అవి ఎక్కడికి వెళ్తాయో చూడాలి. ఢిల్లీలోని సీలంపూర్ గల్లీల్లో, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో, పాత సర్క్యూట్ బోర్డులను విడగొట్టి బతికే పేద కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో మన బిరాదరీ కుటుంబాలు తక్కువేమీ కాదు. రాగి కోసం తీగలు కాలుస్తారు, బంగారం కోసం ఆమ్లంలో ముంచుతారు. సీసం, కాడ్మియం పొగలోనూ మట్టిలోనూ కలుస్తాయి. పిల్లలు ఆ గాలే పీలుస్తారు. ఒకచోట విద్యార్థికి సాయం చేయాలని తీసిన వస్తువు మరోచోట మరో పేదపిల్లవాడి ఊపిరితిత్తుల్లోకి పొగగా వెళ్ళకూడదు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, ఇలాంటివాటిని నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకే చేర్చాలి. ఆ బాధ్యతలో తయారీ సంస్థలకూ భాగముంది. మా కార్యాలయానికి తెచ్చిచ్చినా సరే, పోగుచేసి అటువంటి కేంద్రానికే పంపుతాం. ఒక్క మనవి. పనిచేయనివాటిని వేరే సంచిలో వేసి "పనిచేయదు" అని రాయండి. దానం ఒక లెక్క, వ్యర్థం ఒక లెక్క. రెండూ కలిపితే సాయం ఎంత అందిందో మాకూ తెలియదు, మీకూ తెలియదు.

ఆ ఫోన్ ఏమైంది?

ఆ సోదరి ఇంట్లో వెతకగా వెతకగా, పిల్లల స్కూలు ఫీజు రసీదుల మధ్య ఆ ఫోన్ బిల్లు దొరికింది. దాన్ని, మరణ ధ్రువపత్రాన్ని జతచేసి తయారీ సంస్థకు పంపాం. ఉత్తరప్రత్యుత్తరాలకు నెలలు పట్టింది. తాళం తీసేనాటికి, పెట్టెలో పడి ఉన్న ఆ ఫోన్ బ్యాటరీ కూడా చచ్చిపోయింది. బ్యాటరీ మార్పించి అదే అమ్మాయికి ఇచ్చాం. అప్పటికి ఆమె మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. పక్కింటి స్నేహితురాలి ఫోన్ రాత్రిపూట అరువు తెచ్చుకుని చదివిందట. ఫోన్ తీసుకుంటూ ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది: "ఆయన పేరేమిటి? దుఆ చేస్తాను." పేరు చెప్పాం.

ఆ దుఆ కొన్ని నెలల ముందే మొదలు కావలసింది. రెండు నిమిషాల పని, ఒక ఖాతా తొలగించడం, జరగనందుకు అది ఆలస్యమైంది. అందుకే ఈ ఏడు నుంచి ప్రతి పరికరాన్ని దాత ఎదుటే తెరిచి చూసి, తాళం లేదని తేలాకే రసీదు రాస్తున్నాం. మీకు కొంచెం సమయం పడుతుంది, ఓపిక పట్టండి. పరికరంతో పాటు దాని తాళంచెవి కూడా అందినప్పుడే ఆ దానం పూర్తవుతుంది.

మీ సంపాదనలో, మీ ఇంట్లో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక! మనమిచ్చిన ప్రతి వస్తువు అందుకున్నవారి చేతిలో ప్రాణంతో ఉండుగాక! ఆమీన్.